చదువు అప్పుకు కంతులు మొదలయ్యాయి, జీతం చాలడం లేదు: ఏం చేయాలి?

అమ్మా, నీ ప్రశ్న మొత్తం చదివాను. మిగతావాళ్ళకు కూడా అర్థమయ్యేలా ముందు సంగతి క్లుప్తంగా రాస్తాను. మీది పాకాల దగ్గర పల్లె. 2020లో తిరుపతిలో బీటెక్‌లో చేరావు. ఏడాదికి 1 లక్ష చొప్పున నాలుగేళ్ళలో 4 లక్షలు బ్యాంకు విద్యారుణం తీసుకున్నారు, మీ నాన్న కూడా రుణగ్రహీతగా సంతకం పెట్టాడు. 2024లో చదువు అయిపోయింది. రేణిగుంట వైపు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో 18,000 జీతానికి చేరావు. ఇప్పుడు బాకీ 5,40,000 అనీ, పదేళ్ళపాటు నెలకు 7,136 కట్టాలనీ బ్యాంకు చెబుతోంది. ఒక కంతు తప్పింది, రెండోది వచ్చే వారం. బోరు వేయడానికి ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 1 లక్ష అట్లాగే ఉంది. అమ్మ నగలు కుదవపెట్టి, పాడి ఆవుల్లో రెండింటిని అమ్మి చదువు అప్పు ఒకేసారి తీర్చేద్దామని నాన్న అంటున్నాడు. ఎట్లాగూ మాఫీ అవుతుంది, కట్టొద్దని స్నేహితులు అంటున్నారు. ఇంట్లో పెళ్ళి మాటలు కూడా నడుస్తున్నాయి.

నేను చిత్తూరు, తిరుపతి శాఖల్లో చాలా ఏళ్ళు అప్పుల సీటులో కూర్చుని రిటైరయ్యాను. విద్యారుణాలు ఇచ్చిందీ, వసూలు చేసిందీ నా చేతులతోనే. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇది: మీ ఇంట్లో ఉన్న అప్పుల్లో ఈ చదువు అప్పే చవకైనది. దీన్ని ఎంత తొందరగా వదిలించుకుందామా అని ఆలోచించకు. ఎక్కడా ఆగకుండా ఎట్లా కట్టగలమా అని ఆలోచించు.

4 లక్షలు 5,40,000 ఎట్లా అయిందని భయపడ్డావు. బ్యాంకు మోసం చేసిందని నాన్న అనుకుంటున్నాడని రాశావు. లెక్క చూద్దాం. చదివే కాలంలోనూ, ఆ తర్వాతి ఏడాది గడువులోనూ బ్యాంకు మామూలు వడ్డీ వేస్తుంది, వడ్డీ మీద వడ్డీ ఉండదు. 10 శాతం వడ్డీ అనుకుంటే, మొదటి ఏడాది తీసుకున్న లక్షకు ఐదేళ్ళకు 50,000. రెండో లక్షకు 40,000, మూడో లక్షకు 30,000, నాలుగో లక్షకు 20,000. అన్నీ కలిపితే 1,40,000. గడువు అయిపోగానే ఈ వడ్డీని అసలులో కలిపి కంతు కడతారు. కాబట్టి లెక్క వరకు తప్పేమీ లేదు.

అయితే ఆ 1,40,000 నువ్వు కట్టాల్సినదేనా అన్నది తేల్చుకోవాలి. ఇక్కడ చాలామంది నష్టపోతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, సాంకేతిక లేదా వృత్తి విద్యా కోర్సు చదివే పిల్లలకు, ఈ చదువు కాలం ప్లస్ ఏడాది గడువులో పడే వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం ఒకటి 2009-10 విద్యా సంవత్సరం నుంచి ఉంది. సీఎస్ఐఎస్ అంటారు. బ్యాంకులన్నీ పంపిన క్లెయిములను చూసే నోడల్ బ్యాంకు కెనరా బ్యాంకు. చదువు నాణ్యతను తనిఖీ చేసే సంస్థల నుంచి, అంటే కాలేజీకి న్యాక్ గుర్తింపో, కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపో ఉండాలన్న షరతు ఉంది, చదువు మధ్యలో మానేస్తే రాదు. పాల బిల్లు మీదా, ఐదెకరాల లోపు మామిడి తోట మీదా బతికే ఇల్లు మీది. 4.5 లక్షల లోపే ఉంటుంది కదా. అంటే నీకు ఈ రాయితీ వచ్చి ఉండాలి, లేదా రావాల్సి ఉండి ఎక్కడో ఆగి ఉండాలి.

ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. ఐరాల వైపు నుంచి ఒక రైతు నా దగ్గరికి వచ్చాడు. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చాడు. రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, కొడుకు మార్కుల జాబితాలు. వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన ఆదాయ ధ్రువపత్రం, తహసీల్దారు ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. ఇది బ్యాంకులో ఎందుకు ఇవ్వలేదని అడిగితే, కాలేజీలో ఇచ్చాం కదా సార్ అన్నాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం కాలేజీకి ఇచ్చిన నకలే బ్యాంకుకు కూడా చేరుతుందని ఆ ఇంటివాళ్ళు అనుకున్నారు. చేరదు. రెండూ వేర్వేరు శాఖలు, వేర్వేరు దారులు. బ్యాంకుకు విడిగా ఇవ్వాలి. అతని కొడుకు ఖాతాకు మొదటి ఏడాది రాయితీ పడింది, తర్వాత పడలేదు. మా శాఖ నుంచి మిగతా ఏళ్ళకు రాసి పంపించాం.

నువ్వు చేయాల్సింది చెప్తాను. ఖాతా తెరిచిన రోజు నుంచి ఈ రోజు వరకు పూర్తి స్టేట్‌మెంట్ అడుగు. ఆన్‌లైన్లో వచ్చే చివరి ఆరు నెలలది పనికిరాదు. అందులో ఏటా కాలేజీకి డబ్బు పంపిన నాలుగు తేదీలు కనబడతాయి, వాటి కింద నెలనెలా వడ్డీ పడుతూ ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా సబ్సిడీ అనో, సీఎస్ఐఎస్ అనో జమ వైపు పడిందా చూడు. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. పడకపోతే, ఏయే సంవత్సరాలకు క్లెయిమ్ చేశారు, చేయకపోతే ఎందుకు చేయలేదు అని రాతపూర్వకంగా అడుగు. పాత సంవత్సరాల క్లెయిములు గడువు దాటితే రావడం కష్టం, ఆ మాట దాచను. కానీ క్లెయిమ్ పంపి ఉండి డబ్బు ఆలస్యమైన కేసులు కూడా ఉంటాయి. నోటితో అడిగితే చూస్తాం అంటారు. కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుంటే సమాధానం ఇవ్వక తప్పదు.

ఈ రాయితీ మొత్తం పడితే నీ బాకీ 5,40,000 కాదు, 4 లక్షలే. తేడా ఎంతో కింద లెక్కలో చూస్తావు.

ఇక జీతం. చేతికి ఎంత వస్తోందో నువ్వు రాయలేదు. బేసిక్ 15,000 అనుకుంటే పీఎఫ్ 1,800 పోతుంది, ఈఎస్ఐకి 135, వృత్తి పన్ను 150. చేతికి 15,900 ప్రాంతం. హాస్టల్‌కు 5,500, బస్సు, ఫోను, పై ఖర్చులు 2,000, ఇంటికి 3,000 పంపుతున్నానన్నావు. మిగిలేది 5,400. దీంట్లోంచి 7,136 కట్టడం ఎవరి వల్లా కాదు. నీకు పొదుపు తెలియక కంతు తప్పలేదమ్మా. ఆ కంతు నీ జీతానికి సరిపడేది కాదు, అంతే. ఇంట్లో కూడా అట్లాగే చెప్పు.

2015లో సవరించిన విద్యారుణ నమూనా పథకంలో తిరిగి కట్టే కాలం 15 ఏళ్ళ వరకు పెట్టుకోవచ్చు. 10 శాతం వడ్డీతో 5,40,000కు 15 ఏళ్ళయితే కంతు 5,803. రాయితీ పడి బాకీ 4 లక్షలైతే 4,298. మొదటిది నీకు ఇరుకు, రెండోది సౌకర్యంగా కట్టగలవు. అందుకే రాయితీ సంగతి ముందు పెట్టాను.

పదిహేనేళ్ళంటే వడ్డీ ఎంత పోతుందో తెలుసా అని ఎవరో ఒకరు నిన్ను భయపెడతారు. నిజమే, ఆఖరు కంతు దాకా అట్లాగే కడితే 5,40,000కు దాదాపు 5 లక్షల వడ్డీ అవుతుంది. కానీ అట్లా కట్టమని ఎవరూ అనడం లేదు. మారే వడ్డీ ఉన్న అప్పుల్ని వ్యక్తులు ముందుగా కట్టేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. విద్యారుణాలు దాదాపు అన్నీ మారే వడ్డీవే, మంజూరు పత్రంలో ఒకసారి చూసుకో. కాబట్టి కాలం పొడుగ్గా పెట్టుకుని కంతు చిన్నది చేసుకో. జీతం పెరిగాక పైన కట్టు. 5,803కు తోడు నెలకు ఇంకో 2,000 కడితే ఆ పదిహేనేళ్ళ అప్పు ఎనిమిదేళ్ళ ఎనిమిది నెలలకే తీరిపోతుంది, వడ్డీలో 2,30,000కు పైగా మిగులుతుంది. పైన కట్టగలిగిన నెల కడతావు, కట్టలేని నెల మామూలు కంతు కడతావు. ఆ వెసులుబాటు నీ చేతిలో ఉంటుంది. అదే ఐదేళ్ళు పెట్టుకుంటే 11,473 కంతు, ఒక్క నెల ఫ్యాక్టరీ మూసినా తప్పుతుంది. మా శాఖలో రోషంతో తక్కువ కాలం పెట్టుకున్న పిల్లలే ఎక్కువగా ఇబ్బంది పడ్డారు. పైన కట్టినప్పుడల్లా అది అసలుకు జమ అయిందా, లేక రాబోయే కంతు కింద పక్కన పెట్టారా అన్నది మాత్రం చూసుకో.

ఇప్పుడు మీ నాన్న ఆలోచన గురించి. ఆయన బాధ నాకు తెలుసు. బ్యాంకు నుంచి ఇంటికి కాగితం వస్తే ఊళ్ళో తలెత్తుకోలేమని ఆ వయసు మనుషులు అనుకుంటారు. కానీ నగలు పెట్టి 5 లక్షలు తెచ్చాడనుకో. బంగారం అప్పు మామూలుగా ఏడాదికి ఒకేసారి తీర్చాలి. ఏడాదికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షలకు పైగా ఎక్కడి నుంచి వస్తుంది? వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ పోతారు, ఒక ఏడాది అది కూడా కుదరదు, వేలం నోటీసు వస్తుంది. పదిహేనేళ్ళు చిన్న చిన్న ముక్కలుగా కట్టుకునే అప్పును, ఏడాదికి మెడ మీద కూర్చునే అప్పుగా మార్చడం అది. ఆవులు అమ్మడం ఇంకా తప్పు. 2025లో తోతాపురి ధర ఎట్లా పడిపోయిందో, ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు ఎట్లా నిలబడిపోయాయో మీ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఏడాది మన జిల్లాలో చాలా ఇళ్ళు గడిచింది పాల బిల్లు మీదే. వచ్చే రాబడిని అమ్మి అప్పు తీర్చకూడదు.

అమ్మ నగలతో నిజంగా పని ఉంది, కానీ చదువు అప్పు కోసం కాదు, బోరు అప్పు కోసం. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ లక్షకు నెలకు 2,000 వడ్డీ. అంటే నువ్వు ఇంటికి పంపే 3,000లో రెండు వేలు నేరుగా ఆ వడ్డీకే పోతోంది, అసలు ఒక్క రూపాయి తగ్గడం లేదు. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రైతుకు ప్రభుత్వ బ్యాంకులు బంగారం మీద వ్యవసాయ అప్పు దాదాపు చదువు అప్పు వడ్డీకే ఇస్తాయి. ఒక్క లక్షకు సరిపడా నగలు పెట్టి, ఊళ్ళో బాకీ తీర్చి, ప్రోనోటు వెనక్కి తీసుకోండి. తర్వాత అదే 2,000 నెలనెలా బంగారం అప్పుకు కట్టండి, ఏడాదికోసారి మిగతాది తిరగరాయించుకోండి. 10 శాతం లెక్కన ఐదున్నరేళ్ళ లోపు లక్ష పూర్తిగా తీరుతుంది. అమ్మ పొదుపు సంఘంలో ఉంటే అక్కడి అప్పు ఇంకా మేలు, అడగమను.

అప్పు చేసి అప్పు తీర్చొద్దన్నారు కదా అని అడుగుతావేమో. ఖరీదైన అప్పును చవక అప్పుతో తీర్చవచ్చు. చవక అప్పును ఖరీదైన అప్పుతో తీర్చడమే వద్దంటున్నాను. క్రెడిట్ కార్డు, పర్సనల్ లోను, ఫోన్లో వచ్చే యాప్ లోను, ఇవన్నీ నీ విద్యారుణం కంటే ఖరీదైనవే. ఊరూపేరూ లేని యాప్‌ల జోలికి అసలు పోవద్దు. ఏడు రోజులకని ఇచ్చి, ముందే కొంత కోసుకుని, నీ ఫోన్లోని నంబర్లన్నీ లాక్కుని, ఫొటోలు మార్చి బంధువులకు పంపిస్తారు. మన రాష్ట్రంలో దీనివల్ల ప్రాణాలు తీసుకున్న పిల్లలు ఉన్నారు. నువ్వు గానీ నీ స్నేహితురాళ్ళు గానీ ఇప్పటికే అందులో ఇరుక్కుని ఉంటే ఇంట్లో చెప్పండి, సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఇంకో యాప్‌లో తీసి దీన్ని కట్టొద్దు.

మాఫీ మాట. 2008లో కేంద్రం చేసింది వ్యవసాయ అప్పుల మాఫీ. 2014లో మన రాష్ట్రంలో చేసింది పంట అప్పులకూ, డ్వాక్రా సంఘాలకూ. విద్యారుణాలు రెండింట్లోనూ లేవు. రాబోతోందన్న నమ్మకంతో కంతులు ఆపేసిన వాళ్ళకు సిబిల్ నివేదికలో, అంటే ఎవరు అప్పు ఎట్లా కట్టారో బ్యాంకులు చూసుకునే రికార్డులో, మచ్చ మాత్రం మిగిలింది.

కట్టకపోతే ఏమవుతుందో చెప్తాను, భయపెట్టడానికి కాదు. కంతు తప్పిన 30 రోజుల వరకు ఒక మెట్టు, 60 వరకు ఒకటి, 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. దాని ప్రభావం నీ సిబిల్ మీదా, మీ నాన్న సిబిల్ మీదా ఒకేసారి పడుతుంది. రేపు ఆయన పంట అప్పు తిరగరాయించుకోవడానికి పోతే మేనేజరు ముందు చూసేది అదే. మన తిరుపతిలో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు లెక్కలేనంతమంది. అప్పు ఎగ్గొట్టినట్టు రికార్డు ఉన్నవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకోబోమని స్టేట్ బ్యాంకు తన నోటిఫికేషన్లలోనే రాస్తోంది. నీ ఆలోచన కూడా అటువైపు ఉంటే ఇది గుర్తుపెట్టుకో. ఎన్‌పీఏ అయ్యాక లోక్ అదాలత్‌లో తగ్గించి సెటిల్ చేసుకోవచ్చని ఎవరైనా చెబితే, అట్లా చేసిన ఖాతా సెటిల్డ్ అని రిపోర్టులో ఏళ్ళ తరబడి కనబడుతుందని కూడా చెప్పమను. ఇరవై మూడేళ్ళ పిల్లకు అది మంచి బేరం కాదు.

కానీ కొన్ని భయాలు అక్కర్లేదు. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, దానికి పోలీసులు ఇంటికి రారు. కోర్టు నోటీసు వస్తే మాత్రం తీసుకోకుండా తిప్పి పంపొద్దు, వెళ్ళి చెప్పుకోవాలి. ఆటోమేటిక్‌గా కోసుకునే మ్యాండేటు పదేపదే డబ్బుల్లేక వెనక్కి పోతే మాత్రం వేరే చట్టం కింద కేసు పెట్టవచ్చు, అందుకే ఖాతాలో డబ్బు చూసుకోవాలి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బంధువులకూ స్నేహితులకూ చెప్పి పరువు తీయకూడదు. ఇది రిజర్వు బ్యాంకు నిబంధన. 7.5 లక్షల లోపు విద్యారుణాల్లో చాలావాటికి కేంద్రం హామీ నిధి నుంచి 75 శాతం వరకు బ్యాంకుకు హామీ ఉంటుంది, అందుకే మీ పొలం తాకట్టు అడగలేదు. అయితే ఆ హామీ బ్యాంకుకు, నీకు కాదు. నువ్వు కట్టాల్సింది నువ్వు కట్టాల్సిందే.

రెండో కంతు వచ్చే వారం అన్నావు కాబట్టి, ఆ లోపే నాన్నను తీసుకుని శాఖకు వెళ్ళు. నెల మొదటి వారం వద్దు, పింఛన్లతో కిక్కిరిసి ఉంటుంది, మేనేజరుకు తలెత్తే తీరిక ఉండదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత పోతే కూర్చోబెట్టి మాట్లాడతారు. చేతిలో మంజూరు పత్రం, మూడు నెలల జీతం స్లిప్పులు, ఆదాయ ధ్రువపత్రం ఉండాలి. తప్పిన కంతులో ఎంత కట్టగలిగితే అంత, ఓ 4,000 అయినా సరే, ఆ రోజే కట్టేసి ఆ తర్వాత మాట్లాడు. డబ్బు కట్టి అడిగేవాళ్ళ మాటకు విలువ వేరు. ఇది ఇటువైపు కూర్చున్నవాడిగా చెబుతున్నాను.

దరఖాస్తు ఇట్లా రాయి: "నా విద్యారుణ ఖాతా నంబరు ఫలానా. నా జీతం చేతికి 15,900 వస్తోంది, స్లిప్పులు జతచేశాను. ప్రస్తుత కంతు 7,136 కట్టే స్తోమత నాకు లేదు. నెలకు 4,500 తప్పకుండా కట్టగలను. తిరిగి చెల్లించే కాలాన్ని 15 ఏళ్ళకు పెంచి కంతు తగ్గించవలసిందిగానూ, జీతం 7వ తేదీన పడుతుంది కాబట్టి కంతు తేదీని 10కి మార్చవలసిందిగానూ, నా ఖాతాకు కేంద్ర వడ్డీ రాయితీ ఏయే సంవత్సరాలకు క్లెయిమ్ చేశారో తెలుపవలసిందిగానూ కోరుతున్నాను." కింద నువ్వూ నాన్నా ఇద్దరూ సంతకం పెట్టండి. జీతం ఏ తేదీన పడుతుందో నీకు సరిపడేలా మార్చుకో. కంతు తేదీ ఒకటో తారీఖు, జీతం ఏడో తారీఖు ఉండి, ఆ ఆరు రోజుల తేడాకే నెలనెలా బౌన్సు చార్జీలు కట్టినవాళ్ళను ఎంతోమందిని చూశాను.

కాలం పెంచడం బ్యాంకు చేతిలో ఉంటుంది, అది నీ హక్కు కాదు. శాఖ నుంచి ప్రాంతీయ కార్యాలయానికి పోవచ్చు, నెల పట్టవచ్చు. ఈ మార్పు క్రెడిట్ రిపోర్టులో పునర్వ్యవస్థీకరణ అని, అంటే కట్టలేక షరతులు మార్చుకున్న అప్పు అని, పడుతుందా అని ముందే అడుగు. ఉద్యోగం పోయినప్పుడు, లేదా చదువుకు తగ్గ జీతం లేనప్పుడు అప్పు కాలం మొత్తంలో రెండు మూడు సార్లు మారటోరియం, అంటే కొన్నాళ్ళు కంతులు ఆపుకునే వెసులుబాటు, ఇవ్వవచ్చని కూడా 2015 నమూనా పథకంలో ఉంది. శాఖల్లో చాలామంది సిబ్బందికే ఈ సంగతి గుర్తుండదు, నువ్వు గుర్తుచెయ్. మొదట్లో తక్కువ కంతు, తర్వాత పెరిగే పద్ధతి కూడా కొన్ని బ్యాంకుల్లో ఉంది, అడుగు. కానీ ఉద్యోగం ఉండగా మారటోరియం తీసుకోవద్దు. ఆ నెలల్లో కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

దరఖాస్తు తీసుకోకపోయినా, 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం న్యాయంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు 14448. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి, అందుకే ఆ ముద్ర వేసిన నకలు జాగ్రత్త.

ఒక చిన్న సంగతి, కానీ దీంతో ఖాతాలు తప్పుతుంటాయి. బ్యాంకులు కలిసిపోయాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో, సిండికేట్ కెనరాలో కలిశాయి. చిత్తూరు కేంద్రంగా ఉండిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. మీ అప్పు వీటిలో ఏదైనా ఒకదానిలో మొదలై ఉంటే, ఐఎఫ్ఎస్‌సీ కోడూ ఖాతా నంబరూ మారాయా, పాత ఫోను నంబరే రికార్డులో ఉందా చూసుకో. అప్పు తీసుకున్నప్పుడు నాన్న నంబరు ఇచ్చి ఉంటారు, మెసేజ్‌లన్నీ ఆయన ఫోనుకు పోతుంటాయి, ఆయన చదవడు.

పన్ను మినహాయింపు గురించి అడిగావు. విద్యారుణం వడ్డీకి ఎనిమిదేళ్ళ వరకు మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది పాత పన్ను విధానంలోనే. నీ జీతానికి ఎట్లా చూసినా పన్నే పడదు. దాని గురించి ఇప్పుడు బుర్ర పాడుచేసుకోవద్దు.

తమ్ముడు ఇంటర్ రెండో ఏడాది అన్నావు. వాడి చదువుకు అప్పు తీసుకునేటట్టయితే పీఎం విద్యాలక్ష్మి చూడండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించింది. ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే పూచీ, తాకట్టు లేకుండా ఇస్తారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పుకు గడువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. సీటు వచ్చిన కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే చూడాలి. వీలైతే చదివేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టుకుంటూ రండి. మొదటి ఏడాది లక్షకు నెలకు 830 ప్రాంతం. అట్లా కడితే చాలా బ్యాంకులు 1 శాతం వడ్డీ తగ్గిస్తాయి, చదువు అయ్యేసరికి అసలు మాత్రమే మిగులుతుంది. ఆదాయ ధ్రువపత్రం ఏటా బ్యాంకులో ఇచ్చి రసీదు తీసుకోండి. నీకు జరిగింది వాడికి జరగకూడదు.

ఈఎస్ఐ కార్డు తీసుకున్నావా? జీతంలో కోసుకుంటున్నారు కాబట్టి నీకూ, నీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకూ వైద్యం ఉంటుంది, తిరుపతిలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. మన ఇళ్ళల్లో సగం చేబదుళ్ళు ఆసుపత్రి ఖర్చుల దగ్గరే మొదలవుతాయి. కార్డు లేకపోతే ఈ వారమే హెచ్ఆర్‌ను అడుగు.

బెంగళూరులో 60,000 కడితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇప్పిస్తామన్నారని చివర్లో రాశావు. వద్దమ్మా. డబ్బు తీసుకుని ఉద్యోగం ఇచ్చే సరైన కంపెనీ ఏదీ ఉండదు. నకిలీ అనుభవ పత్రాలు పెట్టి చేర్చినా తనిఖీలో దొరికితే ఆ ఉద్యోగమూ పోతుంది, ఆ 60,000 మాత్రం ఇంకో అప్పుగా మిగులుతుంది. నిజంగా నేర్చుకోవాలనుంటే ఫ్యాక్టరీలోనే టెస్టింగ్, క్వాలిటీ విభాగాల్లో పని నేర్చుకుని ఏడాదిన్నర అనుభవంతో శ్రీసిటీ వైపో, చెన్నై శివార్లలోని కంపెనీలకో మారు. ఇక్కడి పిల్లలు అట్లా మారి జీతం పెంచుకోవడం నేను చూశాను. బెంగళూరుకే పోవాలనుకుంటే కూడా పో, కానీ 28,000 జీతమని సంబరపడకముందు అక్కడి పీజీ అద్దె, తిండి, ప్రయాణం తీసేసి చేతిలో ఎంత మిగులుతుందో ఇప్పటి 5,400తో పోల్చి చూడు.

పెళ్ళి సంగతి. అప్పు నీ పేరు మీద ఉంది, పెళ్ళయినా నీ పేరు మీదే ఉంటుంది, భర్తకో అత్తమామలకో చట్టపరంగా బాధ్యత రాదు. అయినా మాటలు జరిగేటప్పుడే చెప్పేయండి. నెలకు ఇంత కడుతున్నాను, పెళ్ళయ్యాక కూడా నా జీతంలోంచి కడతాను అని నువ్వే చెప్పు, నాన్న నోటితో కాదు. దాచిపెట్టి, పెళ్ళికి ముందు తీర్చేయాలన్న తొందరలో ఆయన మళ్ళీ రెండు రూపాయల వడ్డీకి పోతాడు. నాకు ఎక్కువ భయం అక్కడే.

స్టేట్‌మెంట్ చేతికి వచ్చాక మూడు అంకెలు ఇక్కడ రాయి: ఈ రోజుకు బాకీ ఎంత, వడ్డీ ఎంత శాతం, రాయితీ కింద ఏ సంవత్సరానికి ఎంత పడింది. ఖాతా నంబరు, ఫోను నంబరు మాత్రం పెట్టొద్దు. కంతు ఎంత రావాలో నేను లెక్క కట్టి పెడతాను, మేనేజరు చెప్పే అంకెతో సరిపోల్చుకోవచ్చు.